గుమ్మానికి కర్ర కొనేముందు: ‘టేకు’ అనే పేరు వెనక ఎన్ని చెట్లున్నాయి?

నాలుగేళ్ల కిందట మా సింహద్వారానికి కర్ర కొన్నప్పుడు బిల్లు మీద రాసినవి రెండే మాటలు: ‘ఆఫ్రికా టేకు’. రెండో వర్షాకాలం దాటేసరికి ద్వారబంధం ఎడమ నిలువు కర్ర దగ్గర రోజూ చిటికెడు పిండి కనిపించేది, ఊడ్చినా మర్నాటికి మళ్లీ అంతే. వడ్రంగి మేస్త్రి వచ్చి ఉలి మూలతో గుచ్చి చూశాడు. గోధుమరంగు భాగంలో ఉలి దిగలేదు. దాని పక్కనే రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ ఉంది, పాలిష్ కింద ఇన్నాళ్లూ కనపడలేదు గానీ గీకితే తెల్లగా బయటపడింది, అందులో ఉలి అటుకుల బస్తాలో దిగినట్టు దిగిపోయింది. ‘చేవ కాదండీ ఇది, తెలుపు. పుచ్చు పట్టేసింది’ అన్నాడు. చేవ అంటే మాను లోపలి గట్టి భాగం, తెలుపు అంటే దాని చుట్టూ ఉండే బయటి లేత భాగం.

కర్ర కొన్న అడితికి వెళ్లి అడిగితే దాని యజమాని ఏమాత్రం తడబడలేదు. ‘ఆఫ్రికా టేకేనండీ, మీకు అబద్ధం చెప్పలేదు’ అన్నాడు. తర్వాత నాకు తెలిసిందేమిటంటే ఆయన చెప్పింది నిజమే. అది నిజంగా టేకే, నిజంగా ఆఫ్రికాలో పెరిగిందే. చిక్కంతా ఏమిటంటే ఆ రెండు మాటల కింద కనీసం మూడు వేర్వేరు చెట్లను అమ్మవచ్చు, పైగా ఒకే చెట్టులో చేవ ఎంత, తెలుపు ఎంత అన్నది ఆ పేరు మనకు చెప్పదు. అప్పటినుంచి రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం అడితుల్లో తిరిగి, మేస్త్రీలను విసిగించి, చదవగలిగింది చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇందులో పోయే డబ్బు చిన్నది కాదు.

ముందు ఒక విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా విడిపోతుంది. పేరు ముందు ఊరో దేశమో తగిలించినప్పుడు దానికి రెండు అర్థాలుండొచ్చు. కోనసీమ కొబ్బరి అంటే కొబ్బరే, ఆ నేలలో పెరిగింది అంతే. కానీ సీమచింత చింత కాదు, చూడగానే చింతకాయ గుర్తొచ్చింది కాబట్టి పెట్టిన పేరు. తురకవేప కూడా వేప కాదు, వేపకు చుట్టం మాత్రమే. కలప వ్యాపారంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. కేరళలోని ఊరి పేరుతో పిలిచే ‘నీలంబూరు టేకు’ మొదటి రకం పేరు, ‘రొడేషియా టేకు’ రెండో రకం పేరు. ‘ఆఫ్రికా టేకు’, ‘బ్రెజిల్ టేకు’ మాత్రం రెండు రకాలుగానూ వాడతారు. అసలు గందరగోళం ఇక్కడే ఉంది.

టేకు చెట్టు శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్. సహజంగా అడవిలో పుట్టి పెరిగేది నాలుగు దేశాల్లోనే: మన దేశం, మయన్మార్, థాయిలాండ్, లావోస్. మిగతా ప్రపంచంలో ఎక్కడున్నా అది మనుషులు నాటిందే. ఘనా, టోగో, ఐవరీకోస్ట్, నైజీరియా, టాంజానియాల్లో నాటారు, ఈక్వడార్, పనామా, కోస్టారికా, బ్రెజిల్‌లో నాటారు. అక్కడినుంచి దుంగలుగా కంటైనర్లలో మన దేశానికి వస్తుంది. మా గుమ్మానిది ఇదే జాతి.

కానీ ‘ఆఫ్రికా టేకు’ అని ఇంగ్లిషు వాళ్లు చాలాకాలంగా పిలిచేవి వేరే చెట్లు. ఒకటి ఇరోకో, మిలీషియా ఎక్సెల్సా. మన పనస, మర్రి ఉండే కుటుంబం అది. రెండోది అఫ్రోమోసియా, పెరికాప్సిస్ ఎలాటా, ఇది చిక్కుడు కుటుంబం. టేకుతో ఈ రెండింటికీ ఏ బంధుత్వమూ లేదు. చెడ్డ కర్రలని మాత్రం నేననను. రెండింటి చేవా గట్టిదే, చెదలకూ తడికీ బాగానే నిలుస్తుంది. కాకపోతే వాటి గుణాలు వేరు. ఇరోకోలో అక్కడక్కడా సున్నపురాయి లాంటి గట్టి గడ్డలు దాగి ఉంటాయి, చిత్రిక పట్టేటప్పుడు బ్లేడు ఠక్కున విరిగితే మేస్త్రి మనల్ని తిడతాడు. దాని పొట్టు కొంతమందికి తుమ్ములూ దద్దుర్లూ తెప్పిస్తుంది. అఫ్రోమోసియాకు తడిలో ఇనుప మేకు తగిలితే నల్లటి మరకలు వస్తాయి, కాబట్టి మన డెల్టా తేమలో ఆ కర్రకు మామూలు ఇనుప మేకులు కొట్టకూడదు. అడవుల్లో తగ్గిపోతోందని దీన్ని 1992లోనే అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం కింద అనుమతి పత్రంతోనే ఎగుమతి చేయాల్సిన జాబితాలో చేర్చారు.

‘బ్రెజిల్ టేకు’ ఇంకా పెద్ద తేడా. అది నాటిన టేకైనా కావచ్చు, లేదా కుమారు అనే చెట్టైనా కావచ్చు. కుమారు, డిప్టెరిక్స్ ఒడొరాటా, కూడా చిక్కుడు కుటుంబమే. ఎండిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలుంటే కుమారు సుమారు 1,080 కిలోలు, అంటే నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అడితి లెక్కలో చెప్పాలంటే ఒక సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) టేకు 18 కిలోలు, కుమారు 30 కిలోల పైమాటే. అలాంటి కర్రతో తలుపు రెక్క చేయిస్తే మామూలు బందులు ఏడాదికే కిందికి జారతాయి. బయట వరండాలో నేలకు వేసే పలకలకైతే అది బంగారంలాంటి కర్ర. పేరులో టేకు ఉంది కదా అని టేకు చేసే పనే దాంతో చేయించబోతేనే నష్టం. ‘రొడేషియా టేకు’ అనే బైకియా కూడా ఇలాగే బరువైనది, ఎర్రటిది, మన దగ్గర అరుదుగా కనిపిస్తుంది.

ఇక ‘బర్మా టేకు’. ఈ మాటకు మన గోదావరి జిల్లాల్లో ఉన్నంత మోజు ఇంకెక్కడా ఉండదేమో, దానికి కారణమూ ఉంది. కాకినాడ, కోరంగి రేవుల నుంచి మనవాళ్లు వేలాదిగా రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లేవారు. అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. వెళ్లినవాళ్లు తెచ్చిన పెట్టెలు, కుర్చీలు ఇప్పటికీ కొన్ని మండువా లోగిళ్లలో చెక్కు చెదరకుండా ఉన్నాయి. మా అమ్మమ్మ గారింటి వీధి తలుపు 1986 గోదావరి వరదలో నాలుగు రోజులు నీళ్లలో నానింది, ఎండాక ఎప్పటిలాగే గడియ పడింది. ఆ అనుభవం మీద పుట్టిన నమ్మకం అది, అబద్ధం కాదు. కానీ ఆ తలుపు వందేళ్ల పైబడిన అడవి చెట్టులోది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతినే నిషేధించింది. కోసిన సైజుల రూపంలో తప్ప బర్మా టేకు చట్టబద్ధంగా బయటికి రాకూడదు. కాబట్టి ఈ మధ్య వచ్చిన సరుకని చెప్పి ఎవరైనా బర్మా దుంగ చూపిస్తే, అది ఎప్పుడు, ఏ కాగితాలతో వచ్చిందో అడగడం మన హక్కు.

అలాగని తోటలో పెరిగిన టేకంటే పనికిరానిదనుకోవద్దు. ఎంతో పేరున్న నీలంబూరు టేకు మూలం 1840లలో కలెక్టర్ కోనోలీ హయాంలో నాటించిన తోట. అసలు తేడా వయసులో ఉంది. టేకులో చెదలను, బూజును ఆపే నూనెలూ రసాయనాలూ చేవలోనే ఉంటాయి. బయటి తెల్లభాగానికి ఆ రక్షణ లేదు, పైగా అందులో గంజి ఉంటుంది కాబట్టి పిండి రాల్చే పురుగు దాన్నే వెతుక్కుంటుంది. యాభై అరవై ఏళ్ల చెట్టులో తెలుపు సన్నటి అంచు. పదిహేను, ఇరవై ఏళ్లకే నరికిన సన్నటి దుంగలో అది పెద్ద వాటా. బలం చూస్తే కుర్ర టేకు మరీ తీసిపోదు, వలయాలు వెడల్పుగా ఉన్నంత మాత్రాన బలహీనమని చాలామంది అనుకునేది సరికాదు. మన్నికే తేడా. ఘనా టేకైనా, మన ఏజెన్సీ టేకైనా, పొలం గట్టు మీద మనమే పెంచుకున్న టేకైనా ఈ లెక్క మారదు.

మహాగని కథ టేకు కథకు పెద్ద అక్క లాంటిది. అసలు మహాగని స్వీటీనియా, మధ్య, దక్షిణ అమెరికాలూ కరీబియన్ దీవులూ దాని పుట్టిల్లు. వేప కుటుంబానికే చెందిన చెట్టు. ఆఫ్రికా మహాగని అనేది ఖాయా, అదే కుటుంబంలో వేరే ప్రజాతి, దగ్గరి చుట్టమే కాబట్టి ఆ పేరులో కొంత న్యాయం ఉంది. ఫిలిప్పీన్ మహాగనికి ఆ న్యాయం కూడా లేదు. అది షోరియా, మన గుగ్గిలం చెట్టు ఉండే ప్రజాతి. ఒట్టి రంగు కలిసిందని మహాగని పేరు పెట్టి అమ్మితే ఆ తగవు 1920లలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్లింది.

మహాగని పేరు మనకు అడితి కంటే నర్సరీలో ఎక్కువ అవసరం. కడియం నుంచి మొక్కలు తెచ్చి కొబ్బరితోటల గట్ల మీద, చేపల చెరువుల గట్ల మీద వేలకు వేలు నాటుతున్నారు. మహాగని అని అడిగితే స్వీటీనియా ఇవ్వొచ్చు, ఖాయా ఇవ్వొచ్చు, మొక్కగా ఉన్నప్పుడు కొత్తవాళ్లకు తేడా తెలియదు. విత్తనం చూస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. స్వీటీనియా గింజకు ఒక వైపే పొడవాటి రెక్క ఉంటుంది, పైనుంచి వదిలితే గిరగిరా తిరుగుతూ పడుతుంది. ఖాయా గింజ బిళ్లలా ఉండి చుట్టూ సన్నటి అంచు ఉంటుంది. కాయ కూడా స్వీటీనియాది పెద్దది, పొడుగు, ఖాయాది గుండ్రం. పదిహేనేళ్లు ఎదురుచూడబోయే పంట కాబట్టి తల్లిచెట్టు చూపించమని అడగడంలో మొహమాటం వద్దు.

గుమ్మాలకూ కిటికీ ఫ్రేములకూ ఇప్పుడు ఎక్కువగా పోతున్నది ‘మలేషియా సాల్’. సాల్ అంటే షోరియా రోబస్టా, మన గుగ్గిలం చెట్టు, ఇది మలేషియాలో పెరిగే చెట్టు కాదు. ఆ పేరుతో వచ్చేవి బలావ్, కపూర్ లాంటి అదే కుటుంబపు వేరే చెట్లు. వీటిలో బలావ్ చాలా గట్టిది, బరువైనది, గుమ్మానికి నిశ్చింతగా వాడొచ్చు. కానీ అదే షోరియా ప్రజాతిలోనే లేత ఎరుపు మెరంటి ఉంది. అది టేకు కంటే తేలిక, మెత్తన, చెదలకు సులువుగా లొంగుతుంది. షోరియాలో దాదాపు 200 జాతులున్నాయి, దుంగకు ఆకూ పువ్వూ ఉండవు కాబట్టి వ్యాపారులు వాటిని రంగు, బరువు చూసి గుంపులుగా కట్టి పేర్లు పెట్టేశారు. మోసం చేద్దామని మొదలైన పద్ధతి కాదిది, అడవిలో అన్ని జాతుల్ని విడదీయడం సాధ్యంకాక మొదలైంది. అయినా దాని భారం చివరికి కొనేవాడి మీదే పడుతోంది.

మన సొంత పేర్లు మాత్రం తిన్నగా ఉన్నాయా అంటే లేవు. మద్ది అంటే నల్లమద్ది, తెల్లమద్ది రెండూ. మారేడుమిల్లి వైపు అడవిలో నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది, ఏటి ఒడ్డున పెరిగే తెల్లమద్ది బెరడు నున్నగా, తెల్లగా పెచ్చులూడుతుంది. చెట్టుగా ఉన్నప్పుడు పసిపిల్లాడైనా విడదీస్తాడు, కోసిన పలకలో మాత్రం అంత తేలిక కాదు. దిరిసెన కలపను విదేశాల్లో ‘ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్’ అని అమ్ముతారు, వాల్‌నట్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. మలబారు వేప వేప కాదు, ప్లైవుడ్డుకూ కాగితం గుజ్జుకూ పెంచే తేలిక కర్ర. వేప గుమ్మం అనుకుని దాన్ని తెచ్చుకుంటే చెదలకు భోజనం పెట్టినట్టే. ఎర్రచందనం, మంచిగంధం పేర్లు వింటే అక్కాచెల్లెళ్లనిపిస్తాయి గానీ ఎర్రచందనం చుట్టం మన వేగి. రెండూ టెరోకార్పస్ ప్రజాతివి, అండమాన్ పడౌక్ కూడా అందులోదే.

వేగి గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇలా కంటికి కనబడే పరీక్ష వేరే కర్రల్లో అరుదు. కొందరు ఏగిస అని కూడా అంటారు. చిత్రిక పట్టినప్పుడు రాలిన పొట్టు గుప్పెడు గాజుగ్లాసు నీళ్లలో వేసి కాసేపు ఆగి ఎండలో పెట్టండి. నీళ్లు తేనెరంగులోకి మారతాయి, కానీ పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తే గ్లాసు అంచుల్లో నీలిమంట లాంటి మెరుపు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి గ్లాసు పట్టుకుని పెరట్లోకీ ఇంట్లోకీ పదిసార్లు తిరిగింది. ఎర్రచందనంలో ఎరుపు ఎంత ఉన్నా మామూలు నీళ్లలో పెద్దగా దిగదు, అదీ ఒక గుర్తే.

టేకుకు అంత అందమైన పరీక్ష లేదు, నమ్మకమైనది మాత్రం ఉంది. అడితిలో తడిగుడ్డతో పలక తుడిచి ‘చూడండి, ఎలా మెరుస్తుందో’ అంటారు. అది చూడకండి. తడి గుడ్డకు ఏ గోధుమరంగు కర్రైనా మెరుస్తుంది, రంగుకు మించిన అబద్ధాలకోరు సాక్ష్యం కలపలో లేదు, అప్పుడే కోసిన అసలు టేకు ఆకుపచ్చ ఛాయలతో మచ్చలు మచ్చలుగా కూడా ఉంటుంది. పలక అడ్డకోత వైపు, అంటే తల వైపు చూడండి. అక్కడ రంపపు గరుకు ఉంటుంది కాబట్టి పదునైన కత్తితో గోరంత మేర నున్నగా చెక్కమనండి. టేకైతే వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాలు పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి, తర్వాత సన్నబడతాయి, మళ్లీ కొత్త వలయంలో పెద్దవి. కంటికే కనిపిస్తుంది, పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఉంటే ఇంకా స్పష్టం. ఉష్ణమండలపు కర్రల్లో ఇలా వరస కట్టేవి కొన్నే. ఇరోకో, కుమారు, మెరంటి, మెర్బావు అనే ఇంకో కర్ర, వీటన్నిటిలో రంధ్రాలు చల్లినట్టు అంతటా పరుచుకుని ఉంటాయి. మెరంటిలో తెల్లటి సన్నటి గీతలు వంపు తిరిగి కనిపిస్తాయి, అవి గుగ్గిలం నిండిన నాళాలు. మెర్బావు రంధ్రాల్లో పసుపుపచ్చని పొడి ఉంటుంది, తడిస్తే గోధుమరంగు కారి కింది గచ్చును పాడుచేస్తుంది.

ఒక జాగ్రత్త. మలబారు వేపలోనూ, తురకవేపలోనూ రంధ్రాలు టేకులాగే వరసగా ఉంటాయి. అక్కడ బరువు, వాసన, స్పర్శ సాయపడతాయి. టేకు చేవ కొత్తగా చెక్కితే పాత తోలు సంచి వాసన వస్తుంది, వేలితో రుద్దితే సన్నగా జిడ్డు తగులుతుంది. మలబారు వేప చేతికి ఎత్తగానే తేలిపోతుంది.

ఈ భూతద్దం చెట్టు పేరే చెబుతుంది, దేశం చెప్పదు. ఘనాలో పెరిగినా, నీలంబూరులో పెరిగినా, బర్మా అడవిలో పెరిగినా టేకు రంధ్రాల వరస అదే. దేశం తెలియాలంటే కాగితమే దిక్కు. దిగుమతి కలపతో పాటు ఎగుమతి దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రావాలి, అందులో శాస్త్రీయ నామమూ పెరిగిన దేశమూ రాసి ఉంటాయి. చిన్న అడితి వాళ్ల దగ్గర అసలు కాగితం ఉండకపోవచ్చు గానీ తెచ్చిన హోల్‌సేల్ వ్యాపారి దగ్గర నకలు ఉంటుంది, ఫోన్లో తెప్పించి చూపించగలరు. మరీ పెద్ద కొనుగోలైతే బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థకు చిన్న ముక్క పంపి రుసుము కట్టి ఏ జాతో తేల్చుకోవచ్చు. ఏ కర్రను ఏ పేరుతో అమ్మాలో భారతీయ ప్రమాణాల్లో కూడా జాబితా ఉంది, దాని నంబరు ఐఎస్ 1150.

జాతి తేలాక మిగిలేవి తెలుపు, తేమ. బిల్లులో జాతి రాయించుకుని ఈ రెండూ వదిలేస్తే మా గుమ్మం కథే మళ్లీ జరుగుతుంది. కాలవ నీళ్లు, సముద్రపు గాలి, ఆరు నెలలు ఉక్కపోత ఉన్న మన నేలమీద పచ్చికర్రతో తలుపు చేయిస్తే వేసవికి సందులిస్తుంది, వర్షాకాలానికి పట్టేస్తుంది. కర్రలో తేమ 12 నుంచి 15 శాతం దాకా దిగాలి. తేమ చూసే చిన్న మీటర్లు ఇప్పుడు మేస్త్రీల దగ్గరే ఉంటున్నాయి, రెండు సూదులు గుచ్చితే అంకె చూపిస్తుంది. పలక కొసలో కాకుండా మధ్యలో గుచ్చమనండి, కొసలు ముందే ఎండిపోతాయి.

ఈ వేసవిలో మా అక్క వాళ్లు రావులపాలెం దగ్గర ఇల్లు మొదలుపెట్టారు. కర్రకు నన్ను తీసుకెళ్లారు. బావగారికి బర్మా టేకే కావాలని పట్టుదల, మొదట్లో నా మాట రుచించలేదు. కత్తితో కొసలు చెక్కించి భూతద్దంలోంచి ఆయన చేతే చూపించాక, పక్కపక్కనే పెట్టిన ‘బర్మా’, ‘ఆఫ్రికా’ ముక్కల్లో రంధ్రాలు ఒకేలా ఉన్నాయనీ, బర్మా అన్నదానికే తెల్ల అంచు ఎక్కువుందనీ ఆయనే చెప్పారు. చివరికి సింహద్వారానికి ఘనా టేకు, పెరటి గుమ్మాలకు వేగి తీసుకున్నాం. అడితి ఆయన బిల్లు రాస్తూ ‘ఏం రాయమంటారండీ?’ అని అడిగితే బావగారే చెప్పి రాయించారు: ‘టెక్టోనా గ్రాండిస్, ఘనా తోట కలప, తెలుపు లేకుండా కోసినది, తేమ 14 శాతం.’ నాలుగు కర్రలకు ఒక మూలన తెలుపు తగిలింది, వాటిని అక్కడే పక్కన పెట్టి వేరేవి ఇచ్చారు.